దైవం, దయ్యం, వ్యాకరణం మాస్టారు

ఏంటే అమ్మడూ, తమ్ముణ్ణి దెయ్యం అన్నావా? అనుకో, నాకేం. కానీ ఆ మాట చెవిన పడితే నాకు మా బళ్లో వ్యాకరణం మాస్టారే గుర్తొస్తారు. అసలు పేరు... ఆ, పేరెట్టి ఎవరు పిలిచారులే. నేనప్పుడు అక్కడ గుమాస్తాని. నేల తుడిచే ఆయా ఒకావిడ ఉండేది, భర్త పోయిన మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. ఓరోజు వరండాలో బకెట్టుతో సహా పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. పిల్లలు ‘దెయ్యం పట్టింది, దెయ్యం!’ అని ఒకటే పరుగు. నేనూ తలుపు చాటుకి తప్పుకున్నాననుకో, దాచడమెందుకు. మాస్టారు మాత్రం ఆ తడినేల మీదే చతికిలబడి, ఆవిడని పక్కకి ఒత్తిగిలజేసి, తల కింద చెయ్యి పెట్టి కూర్చున్నారు. ఏంటీ? భయం వెయ్యలేదా అనా? వేసే ఉంటుంది.

మర్నాడు క్లాసులో బోర్డు మీద ‘దైవం, దయ్యం’ అని రాశారట. ‘ఒకటి ప్రకృతి, రెండోది వికృతి. ఒకే మాటర్రా, నోళ్లలో నలిగి నలిగి అలా అయింది. ఆవిడకి పట్టింది దైవమూ కాదు, దయ్యమూ కాదు. మూర్ఛ. దానికి మందుంది’ అన్నారట. ఇంకేముంది, సాయంత్రానికి జనమంతా గేటు దగ్గరే. ‘దేవుడూ దెయ్యమూ ఒకటేనని నేర్పుతాడా?’ అని. హెడ్మాస్టరు పిరికిమనిషి. మాస్టారు క్షమాపణ రాయాలి, ఆయాని మాన్పించాలి అని కాగితం తయారుచేయించాడు. టైపు కొట్టింది ఎవరనుకున్నావ్? నేనే. మాస్టారు చదివి, ‘క్షమాపణ దేనికి బాబూ, ఆ మాట నేను పుట్టించలేదే’ అన్నారు. ఆయాని పిలుచుకుని గేటు దాటి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుని బతికారు. ఆయన భార్య పల్లెత్తు మాట అనలేదు, ఆయాని ఇంట్లోనే ఉంచుకుని తోబుట్టువులా చూసుకుంది. నెలనెలా మాస్టారే బస్సులో ఆస్పత్రికి తీసుకెళ్లేవారు. మాత్రలు వంటబట్టాక ఆవిడ మళ్లీ పడలేదు తెలుసా! ఒక్కసారి కూడా.

మాస్టారు పోయిన పదిరోజులకి వాళ్లింటికి వెళ్లాను. చెప్పుకోవాలని... ఆ కాగితం సంగతి. తలుపు తీసింది ఆ ఆయానే. ‘రండి గుమాస్తాగారూ’ అని కుర్చీ వేసింది. ‘పిల్లలు బాగున్నారా?’ అంది. నా నోట ఏమొచ్చిందో తెలుసా? ‘ఎండ మండిపోతోంది’ అన్నాను. అంతే. లేచి వచ్చేశాను.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు.