అత్తరు పోసిన రేడియేటరు

గురజాలలో మెకానిక్ హబీబుల్లా నోటికి విశ్రాంతి దొరికేది రోజుకు ఐదుసార్లే, నమాజుకు పోయినప్పుడు. మిగతా పొద్దంతా షెడ్డులో ఇంజన్ల మోత కంటే ఆయన మాటల మోతే ఎక్కువ. ఆ వేళ మాత్రం ఆయన మాట్లాడుతున్నది భయం కొద్దీ.

సుబ్బారావు కారు మూడు రోజులుగా షెడ్డు ముందే, షకీలా టీ కొట్టును ఆనుకుని ఉంది. ఇంజన్ను చల్లగా ఉంచే కూలెంటు రోజూ లీటరు తాగుతుంది, అది ఎటు పోతుందో తెలియదు. హబీబుల్లా కింద అట్టముక్క పరిచి చూశాడు, చుక్క తడి లేదు. పైపులు తడిమాడు, పొగ రంగు చూశాడు, ఆయిలు చూశాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి, డబ్బాలో కూలెంటు ఒక్కటే ఉండటం లేదు. “పొద్దుగూకే లోపల దొరక్కపోతే గుంటూరు తోలుకుపోతా హబీబూ. అక్కడ ఇంజను విప్పి చూస్తారంట” అనేశాడు సుబ్బారావు. ఆయన కారు గుంటూరు పోతే వాళ్ల ఊరి కార్లన్నీ వెనకే పోతాయి, ముప్ఫై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది. అది తలుచుకుంటూనే హబీబుల్లా ఇంజను స్టార్ట్ చేశాడు. అది వేడెక్కేలోగా ఏదైనా తట్టకపోతుందా అని టీ కొట్టు బల్ల మీద కూర్చుని కథ అందుకున్నాడు.

“ఇదేం రోగం సుబ్బారావన్నా, ఇంతకంటే మొండిదాన్ని చూశా. క్రోసూరు కాంట్రాక్టరు కారు. పూటకి లీటరు తాగేది. పది మంది మెకానిక్కులు చేతులెత్తేశారు. నేనేం చేశానో తెలుసా? మా ఇంటావిడ నాజియా అత్తరు సీసా తెచ్చి రేడియేటర్లో రెండు చుక్కలేశా. కంటికి దొరకంది ముక్కుకన్నా దొరకాలి గదా!”

“రెండు చుక్కలేనా?” అన్నాడు వీరయ్య. పొద్దున పేపరు కోసమని వచ్చి సాయంత్రం దాకా ఆ బల్ల వదలని పెద్దమనిషి ఆయన.

“చుక్కలంటే... సీసాడు అనుకో బాబాయ్. మల్లె అత్తరు. బండి తీసి మాచర్ల రోడ్డెక్కానా, రెంటచింతల చేరేసరికి జనం గడపల్లో నుంచుని పెళ్లికొడుకు ఏడిరా అని చూస్తన్నారు. ఒకాయనైతే ఏకంగా చదివింపుల కవరు నా చేతిలో పెట్టబోయాడు. ఆ వాసన కృష్ణ దాటి పోయింది. అవతల వాడపల్లిలో పెళ్లిచూపులకి కూర్చున్న పిల్ల, ఈ గాలి తగలంగానే, పిల్లోడి మొహం చూడకుండానే సరే అనేసిందంట!”

“ఇంకా నయం, నిన్ను చేసుకుంటానలేదు” అన్నాడు వీరయ్య.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? నల్లమల నుంచి తేనెటీగలు లేచినయ్. ఒకటా రెండా, మిట్టమధ్యాహ్నం ఊరంతా నీడ పడింది. పొద్దుగూకిందనుకుని కోళ్లు గూట్లోకి పోయినయ్. నేను బండి ఆపి, బానెట్ ఎత్తి, చేతులు కట్టుకుని నుంచున్నా. నన్ను ఒక్కటి కుట్టలా! తిన్నగా పోయి ఇంజను హెడ్డు మీద ఒకే ఒక్కచోట వాలినయ్. చూస్తే ఏంది? వెంట్రుకవాసి పగులు. కారింది కారినట్టే వేడికి ఆవిరైపోతంది, ఇంక కింద చుక్క ఎందుకు పడుద్ది?”

ఆ మాట నోట్లోంచి వస్తుండగా హబీబుల్లాకే ఏదో తట్టబోయింది. కానీ కథ మంచి ఊపు మీద ఉంది, ఆగితే చప్పబడుతుంది.

“మరి దీనికీ పగులేనంటావా?” అని సుబ్బారావు ఆశగా ముందుకు వంగాడు.

పగులంటే ఇంజను విప్పాల్సిందే, కారు గుంటూరు పోయినట్టే. హబీబుల్లా గబగబా లేచి ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఊపిరి తిప్పుకోకుండా అక్కణ్ణించే అందుకున్నాడు. “ఆగన్నా, అసలు సంగతి వినలా. ఆ ఈగలే పగుల్ని మైనంతో పూడ్చినయ్! వెల్డింగు కూడా అట్టా కుదరదు.”

“ఇంజను వేడికి మైనం కరగదంట్రా?”

“నల్లమల మైనం బాబాయ్! రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది ఆ బండి. సర్వీసింగుకి వస్తే సైలెన్సరు కింద గిన్నె పెడతా, రెండు కిలోల తేనె దిగుద్ది. మా ఇంట్లో పంచదార కొని నాలుగేళ్లయింది!”

“అవునులే భాయ్” అంది షకీలా టీ వడపోస్తూ. “అందుకేగా నిన్న నాజియా భాభీ నా దగ్గర గ్లాసుడు పంచదార పట్టుకుపోయింది.”

బల్ల మీదున్న వాళ్లంతా గొల్లున నవ్వారు. షకీలా మాత్రం నవ్వలేదు. “ఒక్క నిమిషం నోరు మూస్తావా భాయ్?” అంది.

“ఏందమ్మా, అంత మాటన్నావ్?”

“మూడు రోజుల్నించి చూస్తన్నా. బండి ఆపిన మరుక్షణం నువ్వు మొదలుపెడతావ్. నిన్న సాయంత్రం బండి ఆపి అసర్ నమాజుకి పరిగెత్తావే, అప్పుడు వినపడింది. ఆ కూలెంటు డబ్బా మూత కాడ సుయ్యిమంటంది. మా కుక్కర్ రబ్బరు పోయినప్పుడు అచ్చం అట్టాగే అనేది.”

హబీబుల్లా ఏదో అనబోయాడు. సుబ్బారావు చెయ్యెత్తాడు. వీరయ్య పేపరు కూడా మడవకుండా, చప్పుడు కానీకుండా పట్టుకుని కూర్చున్నాడు. షకీలా స్టవ్ కట్టేసింది.

సుయ్‌...

మూత అంచున సన్నటి ఆవిరి లేచి, జానెడు ఎత్తు పోకముందే మాయమైపోయింది. హబీబుల్లాకు సిగ్గేసింది, అంతలోనే ప్రాణం లేచొచ్చింది. ఇంజను చల్లారాక గుడ్డ చుట్టి మూత తీస్తే లోపలి రబ్బరు బీటలు వారి ఉంది. షెడ్డులోంచి కొత్త మూత తెచ్చి బిగించాడు. కూలెంటు నింపి, అరగంట ఇంజను తిప్పి ఆపారు. నలుగురూ చెవులు రిక్కించి విన్నారు. చప్పుడు లేదు.

“గుంటూరు పని లేదులే” అంటూ సుబ్బారావు తాళాలు అందుకున్నాడు.

“నీ చెవులకి సలాం షకీలా” అన్నాడు హబీబుల్లా మనస్ఫూర్తిగా.

వీరయ్య అప్పటికి పేపరు మడిచాడు. “ఒరేయ్ హబీబూ, రేపు ఈ కథ చెప్పేటప్పుడు ఎంతసేపు నోరు మూశానని చెప్తావురా?”

హబీబుల్లా చేతిలోని పాత మూతను ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

“నలభై రోజులు బాబాయ్. మంచినీళ్లకి కూడా తెరవలా.”