కోర్టు మనిషి

అట్ల మొఖం తిప్పుకోకు జిలానీ! నీ కాడికి అచ్చిన మనిషిని నిలవెట్టి నీ ఇస్త్రీ నువ్వు చేసుకుంటవా? మన రూమున్న అమెరాత్ నుంచి ఈ హమ్రియా దాక అరబ్బు దేశపు ఎండల అచ్చిన. టాక్సోడు రువి కాడనే దింపి పోయిండు, మిగిలిన తొవ్వంత నడిచిన. కనీసం కూసో అనన్న అనవా?

అనవు. సరే తియ్. నిలవడే చెప్త.

నీ కోపం నాకెర్కనే. ఓడిపోయినవని కాదు నీ కోపం, ఓడగొట్టిన తీరుకు. తెల్లారంగనే సంచి సదురుకొని ఈ మీ చిన్నాయన కొడుకు లాండ్రీకి అచ్చి పడ్డవ్. ఒక్కడన్న ఆపిండా? ఆపలే. నేను గూడ ఆపలే. మెడల గెలిచినందుకు ఏసిన టిష్యూ కాయితాల దండ ఉండె గదా భయ్, ఎట్ల ఆపుత!

అసలు వకీలు ఏమన్నడు? నువ్వే గదా అరబ్బీల ఇని మాకు తెలుగుల చెప్పింది. కంపెనీ మూతవడ్డది, మన పాస్‌పోర్టులు కంపెనీ మాలిక్ కాడ ఇరికినయి, ఈడ ఉండే కార్డులు ఖతమైనయి, ఇంటికి పోనీకి తొవ్వ లేదు. కేసు వేసినం. ఇగ అందరి తరఫున కోర్టుల నిలవడి మాట్లాడేటందుకు ఒక్క మనిషిని మీరే ఎన్నుకోండ్రి అన్నడు. గంతే అన్నడు పాపం. ఎలక్షన్ అనే మాట ఇంటే మనోళ్ళు ఊకుంటరా? సర్పంచ్ ఎలక్షనచ్చినట్టే చేసిండ్రు. నీళ్ళ సీసల మూతలే ఓట్లు. బులుగు మూత నాకు, తెల్ల మూత నీకు, బియ్యం బకెటే డబ్బా. నినాదాలు, బిర్యానీ, అన్నీ అయినయి!

నీ దిక్కు మీ కడపోళ్ళు ముగ్గురో నలుగురో. నా దిక్కు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి. ఇంగ లెక్కేముంది?

అయినా అరబ్బీ అచ్చినోనివని నువ్వే గెలుద్దువు, ఓంకార్ గాడు ఆ మాట అనకపోతె. కంపెనీ కాయితాలు చూసే మందూబ్ హసన్ లేడా, వానితోని నువ్వు నవ్వుకుంట మాట్లాడుతవని ఓంకార్ గానికి మండె. అందరి చెవులల్ల ఊదిండు. "హసన్ పక్కన నిలవడి నమాజు చేసేటోడు రేపు కోర్టుల మన దిక్కు మాట్లాడుతడారా? నర్సన్న మనోడు. కులంల పెద్దమనిషి. ఎన్ని పంచాయితీలు తెంపలే!"

ఇన్న. నేను గక్కడనే కూసొని ఉల్లిగడ్డలు కోస్తున్న. ఇని గూడ ఊకున్న.

ఎందుకు ఊకున్ననంటవా? బాగనిపిచ్చింది, తమ్మీ. అబద్ధమెందుకు! ఊర్లె నేను గద్దె మీద కూసుంటె పది మంది కిందికి కూసుందురు. ఈడికచ్చినంక అందరికి నేను ఒట్టి 'రఫీక్'నే. ఏయ్ రఫీక్, తట్ట దే. ఏయ్ రఫీక్, పక్కకు జరుగు. గిన్నేండ్లకు మల్ల ఒకడు పెద్దమనిషి అన్నడు. ఆ మాట తియ్యగ తలిగింది.

మా ఇంటామె కమలవ్వకు ఫోన్ చేసి గెలిచిన్నే అని చెప్పిన. "కోర్టుల గెలిచినవా, ఎప్పుడస్తున్నవ్?" అన్నది. లేదే పిచ్చిదానా, కోర్టుకు పోయేటందుకు గెలిచిన అన్న. "గెలిచినంక గూడ మల్ల గెలవాల్నా?" అన్నది. నేను నవ్విన. గప్పుడు నవ్వచ్చింది.

ఇను, ఆ ఇస్త్రీ పెట్టె జర పక్కకు పెట్టు. మొన్న కోర్టుల ఏమైందో నీకు ఎవ్వరు చెప్పి ఉండరు. ఎవ్వరికి ఎర్కలేదు గనుక. నాకు, వకీలుకే ఎర్క.

వకీలు ఇంకో కేసుకని పక్క రూముకు పోయిండు. ఇంతల మన పేరు పిలిచిండ్రు. లేశిన. అంగీ గుండీలు సదురుకున్న. నేను చెయ్యని పంచాయితీయా ఇది అనుకున్న.

మా దిక్కు పంచాయితీ తీరు నీకెర్క ఉండది. పెద్దమనిషైనోడు లేవంగనే ఫిర్యాదు చెప్పద్దు. ముందుగాల అవతలోన్ని నెత్తిన పెట్టుకోవాలె. "మీరు మాకు తల్లిదండ్రులసొంటోళ్ళు, మీ మీద మాకేం కోపం లేదు, మీ మీద చెప్పేటందుకు మాకేం లేదు" అనాలె. అని ఆగాలె. గప్పుడు అవతలోడు మెత్తవడ్తడు. "అయ్యో, గట్లెందుకంటవే, నీ బాధేందో చెప్పు" అంటడు. గప్పుడు తియ్యాలె అసలు సంగతి. గట్లనే తీసి నేను అన్నదమ్ముల పొలాలు పంచిన, మొగుడు పెండ్లాలను కలిపిన. లేవంగనే మొరిగేటోనికి మా కాడ ఇజ్జతే ఉండది.

జడ్జి సాబు అడిగిండు. మాటలు తిప్పి చెప్పేటాయన హిందీల అడిగిండు. కంపెనీ మీద నీ షికాయత్, గదే ఫిర్యాదు, ఏందని.

నేను దండం పెట్టిన. కంపెనీ తరఫున అచ్చిన హసన్ దిక్కు తిరిగిన. "మాలిక్ మాకు మాబాప్ అసొంటోడు. ఆయన మీద మాకేం షికాయత్ లేదు" అన్న.

అని ఆగిన.

హసన్ 'చెప్పు' అనాలె గదా జిలానీ! అనాలె గదా! వాడు అనలే. నన్ను చూసుకుంట కూసున్నడు. మాటలు తిప్పేటాయన నా మాట ఉన్నదున్నట్టు చెప్పేసిండు. ఆయన తప్పేం లేదు, అన్నదే చెప్పిండు. జడ్జి సాబు తలకాయ ఊపిండు. కోర్టు గుమాస్త టకటక కొట్టిండు. కాయితం ముందట పెట్టి సంతకం అన్నరు. అచ్చినట్టు హాజరు ఏసుకుంటున్నరు గావచ్చు అనుకొని చేసిన.

హసన్ లేశచ్చి నా చెయ్యి పట్టుకొని ఊపిండు, "అచ్ఛా ఆద్మీ" అన్నడు. ఏమనుకున్ననో ఎర్కనా? మెత్తవడ్డడురా అనుకున్న! ఇగ అసలు సంగతి తీద్దునని నోరు తెరిచిన. ఇంతల ఇంకోని పేరు పిలిచిండ్రు.

వకీలు ఉరికచ్చి కాయితం చదివి నెత్తి కొట్టుకున్నడు. మాటలు తిప్పేటాయనే నాకు హిందీల చెప్పిండు, కేసు వాపస్ తీసుకున్నట్టు రాసుకున్నరట. నా ఒక్కనిది కాదు. అందరిది.

ఏందట్ల చూస్తవ్? తిట్టు. తిట్టరాదు! గట్ల చూసుడుకంటె తిట్టుడే నయం.

రూముకు పోంగనే అందరు చుట్టు కూడిండ్రు. "ఏమైందే నర్సన్నా?" వాయిదా పడ్డది అన్న. నాలిక గట్లనే తిరిగింది. "హసన్ చెయ్యి గూడ కలిపిండురా" అన్న. చప్పట్లు కొట్టిండ్రు.

సురేందర్‌ను చూస్తే గుండె పగులుతది తమ్మీ. కాళ్ళు ఉబ్బినయి, మొఖం ఉబ్బింది. మూత్రం సక్కగ అస్తలేదంటడు. కార్డు లేకుంట దవఖానకు పోతే పట్టుకుంటరని గోడ దిక్కు తిరిగి పంటున్నడు. వాడు సంచి సదిరిపెట్టుకున్నడు. పిల్లకు కొన్న బొమ్మ గూడ అండ్లనే పెట్టిండు. "నర్సన్నా, వారం రోజులల్ల పోతమా?" అని అడుగుతడు. పోతంరా అంట. ఏ నోటితోని అంటున్ననో నాకే తెల్వది. వాడు ఈడ సచ్చిపోతే నేనే సంపినట్టు. గదే నా రంది. ఇంకేం లేదు.

గందుకే అచ్చిన. నువ్వు నా తోడు కోర్టుకు రా. నా పక్కన నిలవడు. నువ్వు మాట్లాడు, పేరు నాదే ఉండనీ. మనోళ్ళకు తెలువద్దు. గంత చాలు.

ఏందీ? వకీలు గట్ల ఒప్పుకున్నడా అంటవా?

...

లేదు. ఒప్పుకోలే. నీ దగ్గర ఏం దాస్త! తప్పైందని మల్ల దరఖాస్తు పెడ్తనన్నడు గని, ఈ మనిషితోని నడువదన్నడు. అందరు కలిసి ఇంకో మనిషిని ఎన్నుకొని సంతకాలు పెట్టియ్యాలె. గురువారం లోపట. గురువారం దాటిందంటె ఆయన గూడ చేసేదేం లేదంట.

అవు, మల్ల ఎలక్షనే. అవు, నిజం చెప్తెనే ఎలక్షను. నాకు తెల్వదా? టాక్సీల గదే ఆలోచన జేసిన, నడుచుకుంట గదే ఆలోచన జేసిన. ఊరంత పెద్దమనిషి అన్న మనిషి, పోరగాండ్ల ముందట నిలవడి నేను మిమ్ములను ముంచిన అని ఎట్ల చెప్తడు? నువ్వైతే చెప్తవా?

ఫోన్ ఎందుకు నా ముందటికి నూకుతున్నవ్?

ఇప్పుడా? ఈడనే? అద్దు తమ్మీ, పొద్దుగూకనీ, రూముకు పోయి నిమ్మలంగ... అవు. రూముకు పోతే చెప్ప. నువ్వన్నది నిజమే. పోతే చెప్ప.

తే. తే ఇటు.

హలో... ఓంకారూ? నేనురా. హమ్రియాల ఉన్న, జిలాని కాడ. అందరున్నరా? స్పీకర్ల పెట్టు. సురేందర్‌ను గూడ లేపు. ఇనుండ్రి. వాయిదా పడలేదురా. నేను అబద్ధం చెప్పిన. కోర్టుల మాట తప్పు మాట్లాడి మన కేసు నేనే పోగొట్టిన. నాకు చాతగాదు. జిలానికి ఏయుండ్రి. గురువారం లోపట ఏయుండ్రి. అందరు జిలానికే... హలో? ఇన్నరా?

...

నవ్వుతున్నరు జిలానీ.

"ఏం పెద్దమనసే నీది నర్సన్నా, ఓడిపోయినోడు చిన్నవోవద్దని తప్పు నీ మీదేసుకుంటున్నవా" అంటున్నరు. ఓరేయ్, పెద్దమనసు కాదురా! మా అవ్వ మీద ఒట్టు! నిజంగనే చెప్తున్న, కేసు లేదురా! ఇగో, ఇంక గట్టిగ నవ్వుతున్నరు. "మాటంటె నర్సన్నదే, గట్లుండాలె కోర్టు మనిషి" అంటున్నడు ఓంకార్. ఎన్నిసార్లు పెట్టినా నాకే ఏస్తరట.

ఇన్నవా, గా సన్నటి గొంతు? సురేందర్ గాడు. వాడు గూడ జై కొడుతున్నడు.

నన్ను ఓడగొట్టు జిలానీ. నువ్వే అచ్చి ఎట్లనన్న ఓడగొట్టు. నాతోనైతే అయితలేదు.