ఏలియా సారు లేచిన కుర్చీ

ఇచ్చోడలో హైవే పక్కన చాయ్ హోటల్. గల్లా దగ్గర తండ్రి, స్విచ్చుల దగ్గర హైదరాబాద్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే కూతురు.

"ఫ్యాన్లెందుకు బంద్ జేసినవ్ బిడ్డా? ఏలియా సారు చెమటకు తడిసి లేసిపోయిండు."

"పోనీ బాపు. ఒక్క చాయ్ తాగి పొద్దటి సంది గదే కుర్చీల కూసున్నడు. ఇగో, మళ్ల ఏస్తున్న. కొత్తోళ్లు వస్తరు."

"గిదేం పిచ్చి?"

"నా చదువే గిది. మా ల్యాబుల ఉత్ప్రేరకమని ఒక లోహపు రేకుంటది. గ్యాసులు దాని మీద కూసుంటేనే కలిసి అమోనియా అయితది. రేకు గట్టిగ పట్టుకుంటే, అమోనియా అయినంక గూడ లేసిపోదు, కొత్త గ్యాసుకు జాగ దొరకదు. అల్కగ పట్టుకుంటే గ్యాసు అసలు కూసోనే కూసోదు. అందుకే రేకుకు కరెంటు మార్చుకుంట ఒకపారి పట్టిస్తం, ఒకపారి ఇడిపిస్తం. పని జల్ది అయితది."

"గిందుకు నీకు స్కాలర్‌షిప్ గూడ ఇస్తున్నరా?"

"ఇస్తున్నరు."

"మరి నీ రేకు పని చేసిందా?"

"చెయ్యలే. పట్టుకుంటుంది గని ఇడుస్తలేదు. మా ల్యాబు సారు అందరి ముంగట తిట్టిండు."

"అందుకేనా, రెండు దినాలని వచ్చి నెల సంది ఈడనే ఉన్నవ్?"

"ఇంట్ల మంచిగున్నది బాపు. అవ్వ రోజు కోడికూర వండుతుంది."

"మీ అవ్వ గట్టిగనే పట్టుకున్నది. జర గా ఫ్యాన్ కింద కూసో, చాయ్ తాగు."

కూతురు చాయ్ తీసుకుని ఏలియా సారు లేచిన కుర్చీలో కూర్చుంది.

"తాగినవా?"

"తాగిన. ఫ్యానెందుకు బంద్ జేసినవ్ బాపు?"

"హైదరాబాద్ బస్సొచ్చే యాళ్లయింది. లెవ్వు బిడ్డా."