పదిగంటలక్క గడియారం

ఈ వాంగ్మూలంలో నా పేరు పైన రాసుకున్నారు. ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవరు, పిలిస్తే నేనూ పలకను. అందరికీ నేను పదిగంటలక్కను. వయసు నలభై ఆరు. మా తమ్ముడి పేరు మీద లైసెన్సు ఉన్న మందు కొట్టులో పదకొండేళ్ళుగా కౌంటర్ దగ్గర అమ్ముతున్నాను. నేను తాగను, తాగేవాళ్ళకు నీతులూ చెప్పను. ఈ స్టేషన్‌లో నన్ను ఎవరూ బెదిరించలేదు. బెదిరిస్తే బెదిరే మనిషినీ కాను.

ఉదయం పదికి ముందు అమ్మకూడదు. ఇరవై ఒకటి నిండనివాళ్ళకు ఇవ్వకూడదు. కొట్టు ముందు తాగనివ్వకూడదు. ఈ మూడు రూళ్ళూ నాకు ఎక్కాల్లా వచ్చు. మీసాలున్నవాణ్ణి కూడా కార్డు చూపించమంటాను. ఒకసారి మా ఆడపడుచు మొగుడు పదికి ఐదు నిమిషాల ముందు వచ్చి చెయ్యి చాపితే, కౌంటర్ ఇనప జాలీలోంచి మంచినీళ్ళ సీసా ఇచ్చాను. ఆయన రెండేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు. నాకు ఈ పేరు పెట్టింది ఆయనే.

కిందటేడు కొట్టు మూయడం నాలుగు నిమిషాలు ఆలస్యమైందని తమ్ముడికి నోటీసు వచ్చింది. ఇంకొక్క తప్పు జరిగితే లైసెన్సు పోతుందని అందులో ఉంది. ఆ రోజే వాడు గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాడు. "ఇక మూయడం ఎప్పుడూ లేటవదక్కా. పొద్దున తెరిచేటప్పుడు మాత్రం పది తీసేసి చూసుకో" అన్నాడు. అప్పటినుంచి గోడ మీద పదీ పది అయితేనే షట్టర్ లేపుతున్నాను. నిన్న సోమవారం మధ్యాహ్నం ఆ గడియారం ఆగిపోయింది. తమ్ముడు సరుకు కోసం పొరుగూరు వెళ్ళాడు. నేనే స్టూలెక్కి కొత్త బ్యాటరీ వేసి, నా చేతి గడియారం చూసి, దానికి పది నిమిషాలు కలిపి పెట్టాను.

ఈ రోజు గోడ మీద పదీ పదికి షట్టర్ లేపాను. చేతి గడియారంలో సరిగ్గా పది. మొదట వచ్చింది దర్జీ అన్నయ్య. ఆయన రోజూ తొమ్మిదింపావు నుంచి షట్టర్ ముందు నిలబడతాడు. పొద్దున పూట ఆయన చేతులు సూదిలో దారం ఎక్కించలేవు. ఎంత బతిమాలినా పదికి ముందు ఇవ్వను. ఈ రోజు ఒక చిన్న సీసా ఇచ్చాను. ఆయన దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుంటుండగా ఎక్సైజ్ వాళ్ళు ఇద్దరు వచ్చి, ఇంకా తొమ్మిదీ యాభై రెండే అయిందని ఫోన్ చూపించారు. మీ ఫోన్లు బాగు చేయించుకోండి అన్నాను. తమ్ముడే ముందుగా అమ్మమన్నాడా అని అడిగారు. నేను అమ్మింది పదికే అన్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, అమ్మింది పదికే.

నన్నూ దర్జీ అన్నయ్యనూ స్టేషన్‌కు తీసుకొచ్చారు. ఇక్కడ ఇంతవరకూ రాశాక, ఎస్సై గారు ఇప్పుడు టైమెంతమ్మా అని అడిగారు. చేతి గడియారం చూసి పన్నెండు నలభై అన్నాను. ఆయన స్టేషన్ గోడ వైపు చూపించారు. పన్నెండున్నర. మీ గడియారం నెమ్మది అన్నాను. ఇది రాస్తున్న రైటరు గారి ఫోన్‌లో పన్నెండున్నర. నా సంచిలోంచి నా ఫోనే తీసి చూశాను. పన్నెండున్నర.

రైటరు గారూ, పైన రాసింది కొట్టేయకండి. దాని కింద ఇది రాయండి. ఆదివారం నా చేతి గడియారానికి కొత్త బ్యాటరీ వేయించాను. నిన్న పొద్దున కొట్టులో కూర్చుని గోడ గడియారం చూసి టైము పెట్టుకున్నాను. జాలీ దగ్గర జనం ఉన్నారు, పది తీసేయడం మరిచాను. మధ్యాహ్నం అదే చేతి గడియారం చూసి, ఇంకో పది కలిపి గోడ గడియారానికి పెట్టాను. ఈ పొద్దున బస్సు పది నిమిషాలు లేటని డ్రైవర్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. పాపం, అతను టైముకే వచ్చాడు.

కాబట్టి అమ్మింది పదికి పది నిమిషాల ముందే. తమ్ముడు చెప్పి అమ్మించలేదు, వాడికి ఇంకా తెలియదు కూడా. లైసెన్సు పోతే వాడి ముఖం ఎలా చూడాలో నాకు తెలియడం లేదు. నాకు ఏడుపొస్తోంది. అదీ రాసుకోండి.

ఇంకొకటి. బయట బెంచీ మీద దర్జీ అన్నయ్య మీ కానిస్టేబుల్‌తో అంటున్నది నాకు ఇక్కడికి వినబడుతోంది. "చెల్లెమ్మ ఇచ్చిందంటే పదయినట్టే సార్. రాసుకోండి, సంతకం పెడతా" అంటున్నాడు. ఆయన చేత పెట్టించకండి. ఆయనకు గడియారం లేదు. పదకొండేళ్ళుగా నా షట్టర్ లేస్తేనే ఆయనకు పది. నన్ను నమ్మి ఆయన అబద్ధానికి సంతకం పెట్టకూడదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. తప్పు చెప్పిన చోట తప్పుగానే ఉంది, దిద్దిన చోట దిద్దినట్టే ఉంది. అంతా నేను అన్న మాటే, నిజం.

(సంతకం)
సమయం పన్నెండు యాభై, స్టేషన్ గడియారం ప్రకారం. నా గడియారం విప్పి బల్ల మీద పెట్టాను.