గది అంగి సార్

చొక్కా గాదు సార్. అంగి. పెదవులు గట్ల ముందుకు పెట్టకుండ్రి, నోరు జర తెరువుండ్రి. అం... గి. ఇరవై దినాల సంది గీ ఒక్క మాటే చెప్తున్న, మళ్ల మీ నోరు గా 'చొ' కాడికే పోతాంది.

మొఖం అటు తిప్పుకుంటే ఎట్ల? సగం ఒళ్లు పడిపాయె, మాట పాయె. లోపల గా హెడ్మాస్టర్ మాత్రం కుర్చీ దిగుతలేడు.

నేనేం పిలువకుండ రాలే. మీ కోడలు సుస్మితనే పిలిచింది. నా బడిల తొమ్మిదేండ్లు నాతోని పనిచేసింది ఆమె. మేడం, మా మామకు పక్షవాతమొచ్చి మాట పోయింది, చిన్నపిల్లలకు నేర్పినట్టు మళ్ల నేర్పాలంట, మీరు రిటైరై ఇంటికాడనే ఉన్నరు గదా, పొద్దుగాల ఒక గంట కూసుంటరా అని అడిగింది. పాపం, మనిద్దరి సంగతి ఆమెకేం ఎర్క. నేను ఒక్కటే అడిగిన. మీ మామ అంటే, దేవరకొండ దిక్కు పనిచేసిన రఘుపతి సారేనా అని. ఔను మేడం, మీకెట్ల ఎర్క అన్నది. నాకు చదువు చెప్పిండు బిడ్డా, తప్పకుండ వస్త అన్న.

డాక్టర్ ఏమన్నడంట? ఇంట్ల మాట్లాడుకునే మాటలే ముందుగాల నేర్పుండ్రి అన్నడంట. మీ ఇంట్ల ఏం మాట్లాడుతరు సార్? మొన్న మీ అక్క వచ్చింది, నేను విన్న. ఏం తమ్మీ, బువ్వ తిన్నవా అన్నది. మీరు ఏడికెళ్లో రాలే. పుట్టింది, పెరిగింది గీ మహబూబ్‌నగర్‌లనే. మీ అమ్మ గూడ మీకు అంగే తొడిగింది. చొక్కా తొడగలే.

కండ్లు మూసుకోకుండ్రి. యాదికి లేదంటే నేను చెప్త.

డెబ్బై ఐదో, డెబ్బై ఆరో. మా ఊరి బడి. రెండు అర్రలు, మీద పెంకులు. నాలుగో తరగతిల ముప్పై రెండు మందిమి. అండ్ల నేను, మా తమ్ముడు లింగస్వామి. వాడు నాకంటే ఏడాది చిన్నోడు. మా అమ్మ నర్సింగమ్మ నన్ను ఒక ఏడాది బడి మాన్పిచ్చి కలుపుకు తోల్కపోయింది, గందుకే ఇద్దరం ఒక్క తరగతికి వచ్చినం. మాదిగవాడకెళ్లి నాలుగో తరగతి దాంక వచ్చిన మొదటోళ్లం మేమే. మా నాయిన గీ సంగతి ఊరంత చెప్పుకునేటోడు.

మీరు గప్పుడే కొత్తగ వచ్చిండ్రు. ఇస్త్రీ బట్టలు, జేబుల రెండు పెన్నులు. పుస్తకంల ఒక బొమ్మ చూపెట్టి ఇదేమిటి అని అడిగిండ్రు. మా తమ్ముడు అందరికంటే ముందు లేచిండు.

'గది అంగి సార్' అన్నడు.

గా మూడు మాటలే. మీరేమన్నరు? గదిలో అంగి ఉన్నదా, ఎవరి గదిలో అని నవ్విండ్రు. పుస్తకంల గది అంటే అర్ర అని మాకేం తెలుసు? మీరు నవ్వంగనే పిల్లలందరు నవ్విండ్రు, ఏం సమజ్ కాకున్నా. గప్పుడు మీరు, నీకు చొక్కా అనే మాట వచ్చేదాకా ఒంటి మీద అంగి ఉండకూడదు, విప్పు అన్నరు.

వానికి ఉన్నది గదొక్కటే సార్. చర్చిల పంచిన బట్ట తోని మా అమ్మ చేత్తోని కుట్టింది. నీలం గీతలది. విప్పి మీ చేతికియ్యబోతే మీరు ముట్టలే. మేకుకు తగిలియ్యమన్నరు.

మొదటి దినం పొద్దుమూకే దాంక గోడకాడ ఒట్టి ఒంటి తోని నిలబడ్డడు. అనలే. రెండో దినం మళ్ల విప్పిచ్చిండ్రు. అనలే. మూడో దినం పగటీలి బువ్వ గంట గాకముందే బయటికి పోయిండు, ఇగ మళ్ల రాలే. అంగి మేకుకే ఉండిపోయింది. మీరు దాంతోని బోర్డు తుడిపిచ్చిండ్రు, దసరా దాంక. పండుగకు మా అమ్మ బడి ముంగట నిలబడి, అంగైనా ఇయ్యుండ్రి సారూ అని బతిలాడితే, కట్టె తోని లేపి దూరం ఇసిరిండ్రు. మా అమ్మ దాన్ని ఉతికి, చినిగిన కాడ మళ్ల కుట్టింది. వాడు తొడుక్కోలే.

తర్వాత వాడు మేకలు కాసిండు. బాయిలల్ల పూడిక తీసిండు. ఇరవై మూడేండ్లకు కాలువ పనికి పోయిండు. గుట్టను పేల్చి కాలువ తీస్తుండ్రి. ఆడ ఒక బోర్డు పెట్టిండ్రు. 'విస్ఫోటన ప్రాంతము. ప్రవేశము నిషిద్ధము.'

మా తమ్మునికి అక్షరాలు వచ్చు సార్. గది మీరు మరువొద్దు. వానితోని పనిచేసిన పరశురాం చెప్పిండు నాకు, తర్వాత నేను లగ్గం చేసుకున్నది ఆయన్నే. మా వాడు బోర్డు ముంగట నిలబడి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని, మొత్తం చదివిండంట. ఒక్క అక్షరం తప్పు పోలేదంట. చదివి, ఇదేం భాషరా అని నవ్విండంట. ఆడున్న కూలోళ్లు ఎవ్వలకూ తెల్వలే. మస్తు దూపైతాందని, నీళ్ల బిందె ఉన్న దిక్కు పోయిండు. గా బోర్డు దాటి పోయిండు. గుట్ట పేలింది.

రాళ్లు పేలుస్తున్నం, ఇటు రాకుండ్రి అని రాస్తే ఎవ్వలది ఏం పోతుండె? మీరు చెప్పుండ్రి. గా బోర్డు రాసినోడు గూడ మీ అసుంటి సారు కాడనే చదువుకొని ఉంటడు.

నేను మాత్రం చదువుకున్న. మీరు ఏ మాట అంటే గా మాట అన్న. గా ఏడాది క్లాసుల మొదటి నంబర్ నాకే ఇచ్చిండ్రు. టీచర్‌నైన. ముప్పై నాలుగేండ్లు పాఠం చెప్పిన. చెప్పిన ప్రతి దినం మీరు నా ముంగట నిలబడే ఉండిరి.

తెలంగాణ వచ్చింది. వచ్చిన ఏడాదికి, మన పిల్లలు మన మాటల్ల చదువుకునేటందుకు ఒక ఉపవాచకం చేద్దామని కొంతమంది టీచర్లం హైదరాబాద్‌ల కూడినం. గా పనికి అమరేందర్ సార్ పెద్దమనిషి. అందరు ఏం రాయాలె, ఏం రాయాలె అని తల గోక్కుంటున్నరు. నాకు గా బాధనే లేదు. ఒక్క పూటల రాసిన. పాఠం పేరు 'రఘుపతి సారు'. మీ ఇంటిపేరు తోని సహా రాసిన. మీ ఊరు, మీ జేబుల పెన్నులు, మీరు నవ్వినప్పుడు కనపడే కుడి దిక్కు పన్ను. నాలుగు పేజీలు. ఐదో తరగతి పిల్లలు వేలు పెట్టుకొని మీ పేరు చదవాలె. మీ మనుమడో మనుమరాలో ఉంటే వాళ్లు గూడ నలుగురిల లేచి చదవాలె. చదివి, ఇది మా తాతనే అని తల దించుకోవాలె. నలభై ఏండ్ల సంది నాకు కావాల్సింది గదే.

గప్పుడే హనాన్ అని ఒకామె వచ్చింది. పాలస్తీనా ఆమె. గాజాల టీచర్. ఏందో ట్రైనింగ్ ఉండి హైదరాబాద్ వచ్చింది. వాళ్ల దేశపోళ్లు మొట్టమొదట సొంతంగ బడి పుస్తకాలు చేసుకున్నప్పుడు అండ్ల పనిచేసిందని, రెండు దినాలు మా కాడికి తోల్కొచ్చిండ్రు. మా బిడ్డ మెర్సీ ఇంగ్లీషు ఎమ్మే చదువుతుండె, ఆమె మాట మాకు తెలుగుల చెప్పింది.

వాళ్ల పిల్లలు ఏండ్లకేండ్లు వేరేటోళ్ల పుస్తకాలే చదివిండ్రంట సార్. ఒక దిక్కు పిల్లలకు జోర్డాన్ పుస్తకం, గాజా పిల్లలకు ఈజిప్టు పుస్తకం. ఒక్క తల్లి బిడ్డలు చెరో దిక్కు ఉంటే చెరో దేశం చరిత్ర అప్పజెప్పాలె. వాళ్ల సొంత ఊరి కథ దేంట్ల లేదు. బడులకు తాళాలు పడ్డ దినాల్ల, పిల్లలను ఇండ్లల్ల పొయ్యి కాడ కూసోబెట్టి చదువు చెప్పుకున్నరంట. ఇగ మా పుస్తకం మేమే రాసుకుంటమని కూసున్నంక, ఒకటో తరగతి కాడికెళ్లి పన్నెండు దాంక ఏ ఏడు ఏం చెప్పాలె, పటం ఎట్ల గియ్యాలె, ఎవ్వల పేరు ఉండాలె అని పేజీ పేజీకి కొట్లాటనే అంట. రెండువేల సంవత్సరంల మొదటి పుస్తకాలు అచ్చై వస్తే, ఆమె బిడ్డ చదవకముందు దాన్ని ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసిందంట.

నా పాఠం మెర్సీ ఆమెకు చదివి చెప్పింది. ఆమె గా కాయితాలు తీసుకొని పేజీలు లెక్కపెట్టింది. తర్వాత చెప్పింది, మా కమిటీల గూడ ఒకాయన తన బడికి తాళమేసిన సిపాయి పేరు పాఠంల పెట్టాలని రెండు దినాలు కొట్లాడిండు, ఆఖరికి సిపాయి పేరు తీసేసి బడి పేరు పెట్టినం అని. చెప్పి నన్ను అడిగింది.

'నాలుగు పేజీల మీ సారున్నడు, రెండు లైన్లల్ల మీ తమ్ముడున్నడు. పిల్లలకు ఎవ్వల పేరు యాదికుండాలె?'

నాకు మస్తు కోపమొచ్చింది సార్. నా పగ మధ్యల నువ్వెవ్వతివి అనిపిచ్చింది. గా పూట బువ్వ గూడ తినలే. తెల్లారి అంతా చింపేసి, మళ్ల మొదటికెళ్లి రాసిన. పాఠం పేరు 'లింగస్వామి చదివిన బోర్డు'. అమరేందర్ సార్ చదివి, బాగుందమ్మా, కానీ అంగి పక్కన బ్రాకెట్ల చొక్కా అని పెడదాం అన్నడు. పెడితే నా పాఠమే వద్దు, నేను పోత అని సంచి చేతుల పట్టుకున్న. పెట్టలే.

మీ పేరు దయ తోని తీసేసిన అనుకుంటున్నరా? అనుకోకుండ్రి. గా పుస్తకంల మీరు ఇప్పుడు 'ఒక సారు'. అంతే. ముప్పై ఆరేండ్లు నౌకరి చేసిండ్రు, శాలువాలు కప్పించుకున్నరు, మీ పేరు ఏ పిల్ల నోట్ల లేదు. మీరు గోడకు నిలబెట్టినోని పేరు ఉన్నది. ఒక బడికి పోతే, ఒక పిల్ల మా తమ్ముని పాఠం చదువుకుంట చదువుకుంట, వాడు బోర్డు దాటిన కాడ ఆగింది. మేడం, బోర్డు మంచిగ రాస్తే అయిపోతుండె గదా అన్నది. గా పిల్లకు పదేండ్లు. మీకు గా దినాల్ల ముప్పై.

హనాన్ అప్పుడప్పుడు మెర్సీ ఫోన్‌కు సందేశం పెట్టేది. యుద్ధం మొదలైనంక, బడి లేదు, పుస్తకాలు లేవు అని పెట్టింది. డేరాల చాప పరిచి, యాదికున్న పాఠాలు చెప్తున్ననని, బోర్డు లేక అట్టముక్క మీద రాస్తున్ననని. మొన్న పందొమ్మిది మంది, ఇయ్యాల పదహారు మంది అని ఒక దినం పెట్టింది. రాని ముగ్గురి పేర్లు గూడ రాసింది. తర్వాత ఆమె సందేశమే రాలే. మెర్సీ ఇంకా పెడ్తనే ఉన్నది.

గా పేర్లు చదివిన దినం, సార్, నాకు మీ మీద ఎంత మంట లేచిందో. ఆమెకు మీద కప్పు లేదు, ముగ్గురు రాకపోతే ముగ్గురి పేర్లు రాసి ఏడ్చింది. మీకు కప్పుండె, సుద్దుండె, సర్కారు కుర్చీ ఉండె. ఒకణ్ని చేతులార ఎల్లగొట్టి, హాజరు పుస్తకంల ముప్పై రెండు కొట్టేసి ముప్పై ఒకటి రాసుకున్నరు.

ఏంది, కండ్లల్ల నీళ్లా? గీ బీమారొచ్చినోళ్లకు ఊకెనే వస్తయంట, సుస్మిత చెప్పింది. నేనేం కరగ.

గట్ల చూడకుండ్రి. గా చూపు నాకు ఎర్కనే. మీకు అంతా యాదికున్నది. నేను చెప్పంది గూడ.

సరే. అయితే నా నోట్లకెళ్లే వినుండ్రి.

మూడో దినం వాడు గోడకాడనే ఉండె. మీరు కట్టె తోని గా అంగి లేపి నా ముంగట పట్టిండ్రు. జానమ్మా, నువ్వు చెప్పమ్మా, ఇదేమిటి అని అడిగిండ్రు. మా అమ్మ కుడుతుంటే సూదికి దారం ఎక్కిచ్చింది నేను. నేను లేచి నిలబడి, 'చొక్కా సార్' అన్న. మీరు శభాష్ అన్నరు. అందరితోని చప్పట్లు కొట్టిచ్చిండ్రు. వాడు గోడకాడికెళ్లి నా దిక్కు చూసిండు. పోయిండు. మీ మాటకు రెండు దినాలు నిలబడ్డోడు, నా మాటకు పోయిండు.

దసరా దాంక దాంతోని బోర్డు తుడిచింది గూడ నేనే.

హనాన్ పోయేముందు అడిగింది, గా క్లాసుల నువ్వు ఏడ కూసున్నవని. గా మూడు దినాలు నాకు జరం, నేను బడికే పోలేదని చెప్పిన. పాఠంల గూడ లింగస్వామికి అక్క లేదు. మా అమ్మ తెల్వకనే పోయింది. పరశురాంకు తెల్వది, మెర్సీకి తెల్వది. క్లాసుల మిగిలినోళ్లకు గది ఒక దినం నవ్వులాట, ఎప్పుడో మరిచిపోయిండ్రు. యాది పెట్టుకున్నది మనిద్దరమే.

మొన్న మీరు పండుకున్నప్పుడు దవాఖానకెళ్లి ఒక పిల్ల వచ్చింది. పోయిన మాట తెప్పిచ్చే చదువు చదివిందంట. మీ కొడుకు ప్రవీణ్ మాట్లాడి పంపిండంట. వారానికి మూడు దినాలు వస్త, మూడు నెలలల్ల సారు మాట్లాడుతడు అన్నది. నేను గుమ్మం కాడనే నిలబడి, అక్కెర లేదు బిడ్డా, ఇక్కడ నేను చూసుకుంటున్న అని తోలిచ్చిన. సుస్మితకు, నీ మామకు గా పిల్ల నచ్చలే అని చెప్పిన.

మంచిగ నేర్పే పిల్లనే సార్. గందుకే వద్దన్న.