రసజ్ఞ తాగిన పాలు

నా పేరు వెంకటలక్ష్మి. భర్త నారాయణప్ప కాలం చేసి తొమ్మిదేళ్లయింది. వయసు ఆధార్ కార్డులో అరవై ఏడు అని ఉంది, ఇంకో రెండేళ్లు ఎక్కువే ఉంటుందని నా అనుమానం. రెండో తరగతి వరకు చదివాను. ఇంటిపనే నా పని. సొంత ఊరు కదిరి దగ్గర. ఇప్పుడు కొండాపూర్‌లో నా కొడుకు ప్రవీణ్ ఫ్లాటులో, నాలుగో అంతస్తులో ఉంటున్నాను. ఈ రోజు 2025 జూన్ 30, సోమవారం, పొద్దున పదకొండు గంటలకు ఎస్సై జ్యోత్స్న గారి ముందు కూర్చుని ఇది చెబుతున్నాను. ఒక్కో పేజీ రాయడం అయ్యాక చదివి వినిపించమని కానిస్టేబుల్‌ను అడిగాను. నేను చెప్పనిది అందులో చేరుతుందేమోనని నా భయం.

మొన్న శనివారం పొద్దున ఇదే స్టేషన్‌లో నేను ఒక మాట చెప్పాను. పాప పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో దాన్ని చూసుకునే ఆయా స్టెల్లా, పాప పాలల్లో నీళ్లు కలుపుతుంటే కళ్లారా చూశానని చెప్పాను. నేను చూడలేదు. శనివారం నుంచి స్టెల్లాను పొద్దున పిలిపించి సాయంత్రం దాకా ఇక్కడ కూర్చోబెడుతున్నారు. ఈ రోజు సాయంత్రం ఆమె మీద కేసు రాసి కోర్టుకు పంపుతారని ప్రవీణ్ చెప్పాడు. అందుకే మళ్లీ వచ్చాను.

పాప పేరు రసజ్ఞ. జనవరి 20న పుట్టింది. నా కోడలు మౌనికకు హైటెక్ సిటీలో ఉద్యోగం. కాన్పుకు ముందు రెండు నెలలు మంచం దిగవద్దన్నారు కాబట్టి ఆమె సెలవు ముందే ఖర్చయిపోయింది. పాపకు నాలుగు నెలలు దాటగానే, జూన్ 2 సోమవారం నుంచి ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. ఆఫీసులో తల్లులకు ఒక గది ఉందట. అక్కడ మిషన్‌తో పాలు తీసి, సీసాల్లో పోసి, ఐసుగడ్డ ఉన్న చిన్న సంచిలో ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. మర్నాడు ఆ సీసాను వేడినీళ్లలో ఉంచి స్టెల్లా పాపకు పట్టాలి. పదకొండుకు ఒకటి, రెండుకు ఒకటి, నాలుగున్నరకు ఒకటి. డాక్టరు పార్థసారథి గారు ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీటిచుక్క కూడా వద్దన్నారు. ఎండాకాలంలో పసిబిడ్డకు నీళ్లు వద్దనడం ఏమిటని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

జూన్ 4 బుధవారం పొద్దున నేను ఫ్రిజ్ తెరిచాను. సీసాలో పైన పసుపుగా జిడ్డు కట్టింది. కింద పల్చగా, నీలంగా ఉంది. స్టెల్లాను పిలిచాను.

"ఏమ్మే స్టెల్లా, ఈ పాలు ఇట్లుండాయేమి?"

"ఫ్రిజ్‌ల పెడితే గట్లనే అయితది పెద్దమ్మా. జర తిప్పితే కలుస్తది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"నేనేమన్నా పాలు చూడనిదాన్నా? కింద ఇంత నీలంగా ఉంటే అది నీళ్లు పోసిన పాలే."

"మీకు బర్రెపాలు తెలుసు. గివి అమ్మపాలు. ఎన్నడన్న సీసాల పోసి చూసిన్రా?" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. మా ఊళ్లో పాలకేంద్రంలో ఎవరి క్యానులో నీళ్లు కలిశాయో దూరం నుంచే చెప్పేదాన్ని. నా కంటికి అంత పేరుండేది. సీసా మూత తీసి వాసన చూశాను. సబ్బు వాసన వచ్చింది.

మౌనికకు చెప్పాను. "ఫ్రిజ్‌లో పెడితే అట్లనే విడిపోతాయంట అత్తా, వాసన కూడా మారుతుందంట. మా ఆఫీసు డాక్టరమ్మే చెప్పింది. మీరు దాని గురించి ఆలోచించొద్దు" అంది. స్టెల్లా చెప్పిన మాటే ఈమె కూడా చెప్పింది. ఇద్దరూ ఒకే మాట చెప్పేసరికి నాకు అనుమానం ఇంకా పెరిగింది.

స్టెల్లా కూతురు కరుణ బాలానగర్‌లో ఉంటుంది. మా పాప పుట్టిన నెలలోనే ఆమెకు బాబు పుట్టాడు. కరుణకు పాలు పడడం లేదని మార్చిలో స్టెల్లానే చెప్పింది. అంగన్‌వాడీ టీచరు ఇంటికొచ్చి బిడ్డను ఎట్లా పట్టుకోవాలో నేర్పిందని, ఇప్పుడు పాలు బాగా వస్తున్నాయని మే నెలలో చెప్పింది. మార్చిలో చెప్పింది నమ్మాను. మేలో చెప్పింది నమ్మలేదు. మౌనిక పాలు సగం తీసి మనవడికి తీసుకుపోతోందని, మిగిలిన సగంలో నీళ్లు పోస్తోందని నిశ్చయించుకున్నాను. సాయంత్రం ఆమె చెప్పులేసుకుంటుంటే ఆమె సంచి ఎత్తి చూశాను. తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉన్నా నా అనుమానం పోలేదు, పాలు ఎంత బరువుంటాయి?

నా దగ్గర ఒక పొడిపాల డబ్బా ఉంది. జనవరి 23న ఆస్పత్రి నుంచి పాపను ఇంటికి తెచ్చే రోజు, అక్కడి లిఫ్టు దగ్గర ఒకామె ఇచ్చింది. మెడలో కార్డు ఉంది, పేరు నేను చదవలేదు. "ఊరికే తీసుకోండి మామ్మగారూ. కోడలికి చెప్పకండి, చదువుకున్నవాళ్లు వినరండి. పాలు చాలకపోతే ఏడ్చేది పాపే కదండీ" అంది. ఊరికే ఎందుకిస్తోందని అనుమానపడ్డాను గానీ తీసుకున్నాను. నా చీరల కింద దాచాను. డబ్బా మీద తల్లి పాలే బిడ్డకు శ్రేష్ఠమని తెలుగులో ఉంది. కూడబలుక్కుని చదివాను. అది రాసి మళ్లీ ఈ పొడి ఎందుకు అమ్ముతారో నాకు అర్థం కాలేదు.

జూన్ 6 శుక్రవారం పదకొండు గంటలకు, పాలు నేను పడతానులే, నువ్వు బట్టలు ఆరేసుకో అని స్టెల్లాను బాల్కనీలోకి పంపాను. మౌనిక పాలు సింకులో పోశాను. పోసి, చాలాసేపు కొళాయి వదిలాను. కాచి చల్లార్చిన నీళ్లు సీసా నిండా పోసి, పొడి ఒక చెంచా కలిపాను. డబ్బా వెనక బొమ్మలో ఆ సీసాకు నాలుగు చెంచాలు చూపించారు. డబ్బా తొందరగా అయిపోతే మళ్లీ కొంటారని అట్లా వేశారనుకున్నాను. ప్రవీణ్‌కు మూడు నెలలప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాయి. బర్రెపాలల్లో సగానికి పైగా నీళ్లు పోసి పెంచాను. చిక్కటి పాలు పసిబిడ్డకు అరగవని మా అత్త నేర్పింది. మా వైపు ఆడవాళ్లందరం అట్లే పెంచాం. ప్రవీణ్‌కు ఏమీ కాలేదు.

ఆ రోజు నుంచి మౌనిక ఆఫీసుకు వెళ్లిన ప్రతిరోజూ అట్లే చేశాను. పదకొండుకు, రెండుకు, నాలుగున్నరకు. ప్రతిసారీ స్టెల్లాకు ఏదో ఒక పని చెప్పి పంపి, మౌనిక తెచ్చిన పాలు సింకులో పోశాను. పాప ఇంకా కావాలని ఏడిస్తే కాచిన నీళ్లు చెంచాతో పట్టాను. స్టెల్లా ఒకసారి, "పాప మొకం గింత చిన్నగయ్యిందేంది పెద్దమ్మా, పాలు సరిగ తాగుతుందా?" అని అడిగింది. దొంగే ముందు అడుగుతుందని మనసులో అనుకున్నాను. ఇంటికి ఎవరొచ్చినా, ఫోనులో ఎవరు మాట్లాడినా, స్టెల్లా పాలల్లో నీళ్లు పోస్తోందని నేనే చెప్పాను. ప్రవీణ్‌కు రోజూ చెప్పాను.

జూన్ 27 శుక్రవారం మధ్యాహ్నం రెండు నలభైకి పాప నా ఒడిలో ఉంది. కళ్లు పైకి తిరిగాయి, చెయ్యి ఒక్కటే కొట్టుకుంది. స్టెల్లాను కేకేశాను. స్టెల్లా వచ్చి నా చేతుల్లోంచి పాపను తీసుకుని ఒక పక్కకు తిప్పి పట్టుకుంది. చెప్పులు లేకుండానే కిందికి దిగి ఆటో ఆపింది, నేనూ ఎక్కాను. కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర బండ్లు ఆగిపోయి ఉంటే ఆటోలోంచి తల బయటపెట్టి, "తొవ్వ ఇయ్యుండ్రి అన్నా, పసిపాప!" అని ఆస్పత్రి దాకా అరుస్తూనే ఉంది. ఇది నేను చూశాను.

పార్థసారథి గారు రక్తం పరీక్ష చేయించి, ప్రవీణ్, మౌనిక వచ్చాక, పాప ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిందని, పోయిన నెల కంటే బరువు కూడా తగ్గిందని చెప్పారు. "నీళ్లు ఎక్కువగా వెళితే ఇట్లా అవుతుంది. పాపకు ఏం పడుతున్నారు?" అని అడిగారు.

"నా పాలే సార్, ఇంకేమీ లేదు" అంది మౌనిక.

అప్పుడు ప్రవీణ్ స్టెల్లా వైపు చూశాడు. నేనూ స్టెల్లా వైపే చూశాను. నేను కలిపినవి కాచిన నీళ్లు కదా, అవి చెరుపు చేయవనే నా ధైర్యం. మర్నాడు ప్రవీణ్ ఫిర్యాదు ఇచ్చాడు. అనుమానం అని చెబితే పోలీసులు పట్టించుకోరేమోనని, చూశానని చెప్పాను.

అదే శనివారం సాయంత్రం ఆరు గంటలకు మౌనిక ఆస్పత్రిలో మంచం పక్కనే కూర్చుని మిషన్‌తో పాలు తీసింది. నర్సు ఆ సీసాను వార్డు ఫ్రిజ్‌లో పెట్టింది. ఆదివారం పొద్దున ఏడు గంటలకు నేను ఆ ఫ్రిజ్ తెరిచి చూశాను. పైన పసుపుగా జిడ్డు. కింద పల్చగా, నీలంగా. మూత తీసి వాసన చూశాను. అదే సబ్బు వాసన. స్టెల్లా అక్కడికి రాలేదు. స్టెల్లా చెయ్యి ఆ సీసాకు తగలలేదు. నర్సు వచ్చి నా చేతిలోంచి సీసా తీసుకుని మెల్లగా తిప్పింది, కలిసిపోయాయి. ఏమ్మా అట్లా నిలబడ్డావు అని అడిగింది. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.

ప్రవీణ్‌ను మెట్ల దగ్గరికి పిలిచి డబ్బా సంగతి చెప్పాను. వాడు గోడకు ఆనుకున్నాడు.

"ఇంకెవరికన్నా చెప్పినావా మా?"

"లేదు నాయనా."

"చెప్పొద్దు. చెప్తే నిన్నే లోపలేస్తారు. మౌనిక ఇంక పాపను నీ చేతికి ఇస్తాదనుకుంటాండావా? స్టెల్లాకు నేను ఏదో ఒకటి చేస్తాలే."

"ఏం చేస్తావురా?"

వాడు మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఈ రోజు కూడా, శనివారం చెప్పిన మాటే గట్టిగా చెప్పమని నన్ను తీసుకొచ్చాడు.

ఎస్సై గారు అడిగారు: "ఆరు నెలల దాకా తల్లిపాలే అని సర్కారు గింతగనం చెప్తుంటే మీకు ఎవ్వరు చెప్పలేదా అమ్మా?" డాక్టరు చెప్పారు, నేను వినలేదు. బాలానగర్‌లో కరుణ ఇంటికి వెళ్లే అంగన్‌వాడీ టీచరు లాంటివాళ్లు మా అపార్ట్‌మెంట్‌కు రారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఎవరినీ రానివ్వరు. పొడిపాల డబ్బా ఊరికే పంచడం చట్టప్రకారం నేరమని ఎస్సై గారు చెప్పారు. లిఫ్టు దగ్గరి ఆమెను చూస్తే గుర్తుపడతాను. కానీ చెంచాలు తగ్గించింది ఆమె కాదు. పాలు సింకులో పోసింది ఆమె కాదు. డబ్బా నా సంచిలో తెచ్చాను, బల్ల మీద పెట్టాను. సగం పైన పొడి ఇంకా ఉంది.

స్టెల్లా నీళ్లు కలపలేదు. పాలు దొంగిలించలేదు. ఆమె మీద నేను చెప్పింది అబద్ధం. ఈ మూడు మాటలు విడిగా రాయమని అడిగాను, రాశారు. నన్ను ఏం చేస్తారని ఎస్సై గారిని అడిగాను, తర్వాత చూద్దామన్నారు. ఆ మాట అంటే నాకు భయం. అయినా అడగడం మానేశాను. పాప నిన్నటి నుంచి బాగుంది, తల్లి దగ్గర తాగుతోంది. గాజుతలుపు బయట నుంచి చూశాను.

ప్రవీణ్ బయట బెంచీ మీద ఉన్నాడు. నేను ఏం చెప్పానో వాడికి ఇంకా తెలియదు. మీరు చెప్పవద్దు. నేనే చెబుతాను. మౌనికకు కూడా నేనే చెబుతాను.

ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పనిది ఏదీ ఇందులో లేదు. చూశానని ఇందులో ఉన్నవి నేను చూసినవే. అనుకున్నానని ఉన్నవి నేను అనుకున్నవే. నాకు సంతకం వచ్చు గానీ దొంగ సంతకం ఎవరైనా పెట్టగలరు, అందుకని వేలిముద్ర వేస్తున్నాను.

వెంకటలక్ష్మి, ఎడమచేతి బొటనవేలి ముద్ర