మూడుతో మొదలైన గోడ

వరద బాధితులకని తెరిచిన బడిగదిలో అందరూ అన్నానికి వరుస కట్టారు. బోర్డులు రాసే పెయింటరూ, అతని అక్కా మాత్రం తడిచాప మీద నుంచి లేవలేదు. వాళ్లమ్మ వరదలో పోయి అది రెండో రోజు.

"ఏటిగోడ మీద అంకెలు వేసింది నువ్వేగా?"

"నేనే అక్కా."

"పైన పదిహేను అడుగులని రాశావు. నీళ్లు పదమూడు దాకా వస్తాయని మైకులో చెప్పారు. మరి గోడ దాటి ఎలా వచ్చాయిరా?"

అతను గోళ్ల సందుల్లో మిగిలిన తెల్లరంగు గీక్కుంటూ కూర్చున్నాడు.

"గోడ పన్నెండే కట్టారు."

"నీకు తెలుసా?"

"ఎత్తెంతో జనానికి తెలియాలట. పైన పదిహేను వేసి కిందికి రాసుకుంటూ రమ్మన్నాడు ఇంజనీరు. రాసుకుంటూ వస్తే నేల దగ్గర మూడు వచ్చింది."

"మూడుతో మొదలయ్యే గోడ ఎక్కడైనా ఉంటుందా?"

"అదే అడిగాను. మిగతా మూడూ పునాదిలో ఉన్నాయిలే అన్నాడు. ఆ మూడు కనబడకుండా మట్టి కూడా ఎగదోయించాడు."

"నువ్వేమో బెల్లంకొట్టిన రాయిలా ఉండిపోయావు."

"నోరు తెరిస్తే మళ్లీ పనికి పిలుస్తారా అక్కా? అయినా మీరంతా మిట్టకి వెళ్లిపోయారుగా. అమ్మ ఎందుకు ఆగింది? నడవలేకనా?"

"నడవలేక కాదురా. చెయ్యి పట్టుకుని లాగాను కూడా."

"మరి?"

"'ఇంకా రెండడుగులు మిగులుందే, ఆ అంకెలు వేసింది నా కొడుకు' అని తలుపేసుకుని పడుకుంది."